పేరు దొరకని జ్వరాల డబ్బా

ల్యాబ్ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే నన్ను ఒకటే అడుగుతారు. "మేడం, మీ సర్వీసులో పెద్ద పెద్ద రోగాలు కనిపెట్టి ఉంటారు కదా?" నిజం చెప్తే నీరుగారిపోతారు. సర్వీసంతా నేను ఎక్కువగా కనిపెట్టింది ఏమీ లేదన్న సంగతే. మలేరియా లేదు, డెంగీ లేదు, షుగరు లేదు. రిటైరైన రోజు శాలువా కప్పి, రోగాల ఆచూకీ తీయడంలో నా సేవలు మరువలేనివని ఒకాయన మాట్లాడాడు. ఆయన రక్తం కూడా ఒకసారి నేనే పరీక్షించాను. ఆయనకూ ఏమీ లేదు.

అయినా మీకు ఒక సంగతి చెప్పాలి. ఏమీ లేదని రాయవలసిన చోట ఏదో ఒకటి రాస్తే ఏమవుతుందో నేను బోధన్‌లో చూశాను. ఇందులో నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. ముందే చెప్తున్నాను, తర్వాత అడగొద్దు.

బోధన్ ఆసుపత్రిలో మా ల్యాబ్ అంటే ఒక గది. ఒక మైక్రోస్కోపు, ఒక ఫ్రిజ్, రక్తాన్ని గిరగిరా తిప్పి పైన తేలే నీటిని వేరు చేసే ఒక మిషను. ఆ మిషను తిరిగేటప్పుడు బల్ల మీద నడిచేది. ఒకరు పట్టుకుని నిలబడాలి. కొత్తది కావాలని పైకి రాస్తే, బల్ల సమంగా ఉందో లేదో చూసుకోమని జవాబు వచ్చింది.

జ్వరాల కాలంలో జనం పొద్దున్నే వచ్చి వరస కట్టేవాళ్లు. వాళ్లకు కావలసింది మందు కంటే ముందు పేరు. పేరు లేని జ్వరం తీసుకుని ఇంటికి పోవడమంటే వాళ్లకు చిన్నతనం. బీడీలు చుట్టే ఒక అవ్వ నాకు బాగా గుర్తుంది.

"ఏమొచ్చింది బిడ్డా?" అని అడిగింది.

"ఏం రాలేదవ్వా. అన్ని నెగెటివే."

"ఏం రాకుంటే గీ జొరం ఎట్లొచ్చింది? నేనేమన్న నకరాలు చేస్తున్ననా?"

"జొరం ఉందవ్వా. గని ఏం జొరమో మా దగ్గర తెలుస్తలేదు."

"మీ మిషన్ ఖరాబైందని చెప్పరాదు మరి," అని కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. సాయంత్రం నేను బస్టాండుకు పోతుంటే పక్క సందులోని ప్రైవేటు ల్యాబు మెట్లు దిగుతూ కనిపించింది. చేతిలో కాగితం ఊపుతూ, "టైపాయిడ్!" అని అరిచింది. మనవడికి నౌకరీ వచ్చినంత సంతోషంగా ఉంది.

టైఫాయిడ్ పరీక్ష గురించి రెండు ముక్కలు చెప్పాలి. గాజు పలక మీద రోగి రక్తపు నీటి చుక్క వేసి, అందులో ఒక మందు చుక్క కలిపి, అటూ ఇటూ వంచుతాం. రవ్వరవ్వగా విరిగితే టైఫాయిడ్ ఉన్నట్టు లెక్క. మన దిక్కు ఆ జ్వరం ఎప్పుడో ఒకప్పుడు వచ్చి పోనివాళ్లు తక్కువ. కాబట్టి మనసు పెట్టి చూస్తే ఎవరి చుక్కయినా కొంచెం విరిగినట్టే కనిపిస్తుంది. ఆ పరీక్షకు మనసు పెట్టకూడదు. కళ్లు పెడితే చాలు.

ఇక డబ్బా సంగతి. అన్ని పరీక్షల్లోనూ ఏమీ తేలని జ్వరాలు ఉంటాయి కదా, వాళ్ల రక్తపు నీటిని చిన్న ట్యూబుల్లో పోసి ఫ్రిజ్‌లో దాచి, వారానికోసారి ఐసు డబ్బాలో పెట్టి నిజామాబాద్ పెద్ద ల్యాబుకు పంపాలని మాకు ఆర్డరు ఉండేది. అక్కడ కూడా తేలకపోతే వాళ్లు హైదరాబాద్ పంపుతారు. కొత్త రకం వైరస్ ఏదైనా ఊళ్లోకి వస్తే అది ముందుగా తెలిసేది అట్లాగే. దానికి మన దగ్గర పరీక్ష ఉండదు కాబట్టి అది వచ్చినా మనకు ఏమీ లేదనే కనిపిస్తుంది. పేరున్న రోగాలన్నీ తీసేయగా మిగిలిన వాటిలోనే అది దాగి ఉంటుంది. మేం ఆ డబ్బాను అనాథల డబ్బా అనేవాళ్లం.

డబ్బా ఆర్టీసీ బస్సులో పోయేది. "ఇండ్ల ఏమున్నది మేడం, చాపలా?" అని కండక్టరు అడిగాడొకసారి. రక్తమని చెప్పాను. "గట్లయితే నా సీటు కింద వద్దు, డ్రైవరు దిక్కు పెట్టుండ్రి," అన్నాడు. డ్రైవరుకు ఏమీ చెప్పలేదు. అట్లా ఏళ్ల తరబడి పంపాం. హైదరాబాద్ నుంచి వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే, ఏమీ తేలలేదని. మాకు తెలిసిన సంగతే వాళ్లు ఇంకొంచెం పెద్ద మిషన్లతో తెలుసుకునేవాళ్లు.

నాతో పాటు ల్యాబులో ఇంకొకడు ఉండేవాడు. కాంట్రాక్టు టెక్నీషియన్. మహారాష్ట్ర సరిహద్దు ఊరివాడు, మరాఠీ మాతృభాషలా మాట్లాడతాడు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్మీ అనేదాన్ని, కోపం వస్తే ఏమిరా అనేదాన్ని. రోజులో ఎక్కువ భాగం ఏమిరానే. పనిమంతుడు. కానీ మరీ మెత్తన. ఎవరికైనా సూది గుచ్చే ముందు తన కళ్లు మూసుకునేవాడు. గుచ్చేటప్పుడు తెరిచేవాడని నా నమ్మకం.

చెరకు కోతల కాలం వచ్చింది. బోధన్ పాత చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డా చెరకు అయితే పండుతూనే ఉంది, లారీల మీద వేరే చోట్లకు పోతూనే ఉంది. కోయడానికి మహారాష్ట్ర నుంచి గుంపులు వస్తాయి. మొగుడూ పెళ్లాం కలిసి ఒక జంటగా కోస్తారు. ఎడ్లబండ్లతో వచ్చి, నిజాంసాగర్ కాలువ గట్టు పక్కన చెరకు ఆకుతో గుడిసెలు వేసుకుంటారు. గుంపుకు ఒక పెద్ద ఉంటాడు, ముకద్దం అంటారు. ఎవరు ఎక్కడ కోయాలో, ఎవరు లేవాలో, ఎవరు పడుకోవచ్చో అతనే చెప్తాడు.

ఆ ఏడు ఆ గుడిసెల్లో జ్వరాలు మొదలయ్యాయి. వాళ్ల మాట నాకు సరిగా రాదు కాబట్టి వాళ్ల వరస తమ్మి చూసుకునేవాడు, మిగతా జనాన్ని నేను చూసుకునేదాన్ని. పని పంచుకున్నామనే అనుకున్నాను. రోజులు బాగానే గడుస్తున్నాయి.

ఒక మధ్యాహ్నం నిజామాబాద్ ల్యాబు నుంచి ఫోను వచ్చింది. అక్కడి డాక్టరమ్మ మాటలు కూడా కొలిచి వాడే మనిషి.

"మీ దగ్గర జ్వరాలు తగ్గినయా?" అని అడిగింది.

నేను కిటికీలోంచి బయటకు చూశాను. వరస సైకిల్ స్టాండు దాటి గేటు దాకా ఉంది. "లేదు మేడం, పెరిగినయి," అన్నాను.

"మరి మీ డబ్బా ఎందుకు తేలికైంది?"

ఎందుకు అడుగుతున్నదో ఆమే చెప్పింది. కొంత కాలం కింద మేం పంపిన ట్యూబుల్లో ఒకటి, బర్రెలు పెట్టుకుని పాలు పోసే ఒకాయనది, హైదరాబాద్ పోయింది. అందులో ఏదో కొత్త వైరస్ జాడ కనిపించింది. కానీ ఒక్క మనిషిలో కనిపిస్తే అది పొరపాటో, నిజమో చెప్పలేరు. ఇంకొకటి అట్లాంటిదే రావాలి. "రెండోది మీ దగ్గర్నించే వస్తదని సూస్తున్నం. వస్తలేదు," అన్నది. పాలాయనకు జ్వరం తగ్గి, ఎప్పటిలాగే మా ఇంటికి కూడా పాలు పోస్తున్నాడు. నేను రోజూ ఆ పాలతోనే చాయ్ తాగుతున్నాను. ఆ సంగతి ఫోన్‌లో చెప్పలేదు.

ఫోను పెట్టేసి ఫ్రిజ్ తెరిచాను. స్టాండులో నేను పెట్టిన ట్యూబులే ఉన్నాయి. గుడిసెలవాళ్లవి ఒక్కటీ లేదు.

"ఏమిరా," అన్నాను. "కోతలోల్ల రక్తం ఏది?"

"వాల్లది డబ్బాల రాదక్కా. వాల్లకు టైఫాయిడ్."

"అందరికా?"

తల వంచుకున్నాడు.

"పలక మీద చుక్క విరిగిందా?"

"కొంచెం విరిగినట్టే..." అని ఆగిపోయాడు. తర్వాత అంతా చెప్పేశాడు. మొదట్లో వాళ్లకు నెగెటివ్ అనే రాసిచ్చాడు. ఆ కాగితం చూసి ముకద్దం, ఏమీ లేదని సర్కారు దవాఖానోళ్లే రాసిండ్రు కదా, లేవండి అని జ్వరంతో ఉన్నవాళ్లను చేనుకు తోలాడు. ఒక అమ్మాయి కత్తి పట్టుకునే చెరకు మోళ్ల మీద పడిపోయింది. ఆ మర్నాటి నుంచి తమ్మి ఆ గుంపులో ఎవరు జ్వరమని వచ్చినా టైఫాయిడ్ అని రాసివ్వడం మొదలుపెట్టాడు. టైఫాయిడ్ అంటే ముకద్దానికి భయం. వాళ్ల అన్న దానితోనే పోయాడట. పడుకోనిచ్చాడు.

"నీకు బుద్ధుందారా?" అన్నాను. వరసలో ముందున్నవాళ్లు రెండడుగులు వెనక్కు జరిగారు. "లేని రోగం రాస్తవా? పేరు పడితే అది డబ్బాల పోదని నీకు తెల్వదా? వాల్ల దగ్గరున్నది ఏందో ఇగ ఎవనికి తెలుస్తది?"

"తెలుసక్కా," అన్నాడు. "నువ్వు ఏం లేదని రాస్తవు. గది నిజమే. గని నీ నిజం పట్టుకపోయి ఆమె చెరుకు కొయ్యాలె. నేనేం చెయ్యాలె చెప్పు?"

నాకు కోపం తగ్గలేదు, కానీ ఎవరి మీద చూపాలో తెలియలేదు. మా డ్యూటీ డాక్టరు దగ్గరకు పోయి ఉన్నదంతా చెప్పాం. ఆయన పొద్దున తెప్పించుకున్న చాయ్ మధ్యాహ్నం తాగే మనిషి. ఆ చాయ్ అట్లాగే వదిలేసి లేచాడు. టైఫాయిడ్ కాగితాలు నమ్మి మందులు రాసింది ఆయనే. "నేను సుత అందరికి టైఫాయిడేనా అని అడగాలె గదా. అడగలే," అన్నాడు. తమ్మిని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే వాడికి కొంచెం తేలిక అయ్యేదేమో.

ముగ్గురం సూదులు, ట్యూబులు, ఐసు డబ్బా పట్టుకుని ఆటోలో కాలువ గట్టుకు పోయాం. మేం పోయేసరికి సగం గుడిసెలు విప్పుతున్నారు. ఆ దిక్కు కోత అయిపోయింది, మర్నాడు పొద్దున మంజీర నది అవతలికి బండ్లు కడుతున్నారు. అక్కడి నుంచి ఎటు పోతారో వాళ్లకే తెలియదు. వాళ్లతో పాటు వాళ్ల రక్తంలో ఉన్నది కూడా ఊరూరు తిరిగేది. ఒక పక్క ఆడవాళ్లు కూర్చుని ఎడ్ల ఒంటికి పట్టి రక్తం తాగే గోమార్లను పీకి, గోళ్ల మధ్య పెట్టి చిదుముతున్నారు. పల్లెల్లో ఎక్కడైనా చేసే పనే. నేను చూసి కూడా పట్టించుకోలేదు.

ముకద్దం తెల్ల టోపీ తీసి దండం పెట్టాడు. చాలా ఏళ్లుగా వస్తున్నాడు కాబట్టి తెలుగు వచ్చు. మళ్లీ రక్తం తీస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు.

"టైఫాయిడ్ అని మీరే రాసిచ్చిండ్రు. మల్ల రక్తమెందుకు సాబ్?"

"గది టైఫాయిడ్ కాదు దాదా," అన్నాడు తమ్మి.

"కాదా? అయితే ఏం లేనట్టే గదా. మంచిదే. లెవ్వుమను."

ఇచ్చిన రోగాన్ని వెనక్కు తీసుకోవడానికి వచ్చిన సర్కారు ఉద్యోగులం బహుశా మేమే మొదటివాళ్లం. నేను నోరు తెరిస్తే పెద్ద గొడవ అయ్యేది. డాక్టరు ముందుకు వచ్చాడు.

"టైఫాయిడ్ అయితే మందిచ్చి నేనే తోలుతుంటి," అన్నాడు. "గిది ఏందో మాకు తెల్వది."

"తెల్వదా?"

"తెల్వది. ఎట్ల అంటుకుంటదో తెల్వది. మందుందో లేదో తెల్వది. నువ్వు బండ్లు కట్టుకొని పోతనంటే పో. రేపు నీకొస్తే నన్నడుగు. అప్పుడు సుత తెల్వదనే చెప్త."

ముకద్దం గుడిసెల వైపు చూశాడు. వాటి మధ్య వేసుకున్న తన మంచం వైపు చూశాడు. "ఎంత దూరం ఉండాలె సాబ్?" అని మెల్లగా అడిగాడు.

"గది సుత తెల్వది."

కాసేపటికి మంచం కాలువ అవతలి గట్టుకు చేరింది. బండ్లు కట్టడం ఆగిపోయింది. మేం అడగకముందే అతను అక్కడి నుంచే అరిచి అందరినీ పడుకోమన్నాడు, జ్వరం లేనివాళ్లను కూడా.

మేం ఒక్కొక్కరి రక్తం తీసుకుంటూ పోయాం. చెరకు మోళ్ల మీద పడిపోయిన అమ్మాయి చివరి గుడిసెలో గోనెసంచి మీద పడుకుని ఉంది. పెళ్లయి ఎక్కువ కాలం కాలేదు. పక్కన మొగుడు, అతనికీ జ్వరమే. ఆమె చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, కొంగుతో తుడుచుకుంటోంది. మా టైఫాయిడ్ మాత్రలు ఒక్కటి కూడా మానకుండా వేసుకుంది. తమ్మిని గుర్తుపట్టి మరాఠీలో ఏదో చెప్పింది. వాడు అటు తిరిగి ట్యూబు మూత బిగిస్తూ ఉండిపోయాడు. ఏమన్నదని నేను అడిగాను.

"నా చీటీ వల్ల మంచిగ పండుకున్ననని చెప్తున్నదక్కా," అన్నాడు.

అంబులెన్సు పిలిచి మొగుడూ పెళ్లాం ఇద్దరినీ నిజామాబాద్ పెద్దాసుపత్రికి పంపాం. డబ్బాను ఈసారి బస్సుకు ఇవ్వలేదు. తమ్మి ఒళ్లో పెట్టుకుని అదే అంబులెన్సులో పోయాడు. దారి పొడుగునా ఆ అమ్మాయికి నీళ్లు తాగించాడట.

హైదరాబాద్ నుంచి జవాబు రావడానికి కొన్ని రోజులు పట్టింది. డాక్టరమ్మ ఫోను చేసి, "దొరికింది," అన్నది. సర్వీసంతా ఆ మాట ఎవరైనా అంటే వినాలని ఉండేది నాకు. పాలాయనలో కనిపించిందీ, ఈ గుంపులో చాలామందిలో ఉన్నదీ ఒకటే. మన దిక్కు ఇంతకు ముందు ఎవరూ చూడని వైరస్. పశువుల గోమార్ల నుంచి మనిషికి వస్తుంది. పేరు అక్షరాలూ అంకెలూ కలిపి ఉంటుంది, నాకిప్పటికీ నోరు తిరగదు. చిదిమినప్పుడు గోళ్ల సందుల్లోంచి, కోత గాయాల్లోంచి లోపలికి పోతుందట. దానికని ప్రత్యేకంగా మందు లేదు. కానీ ముందుగా తెలిస్తే రక్తం ఎక్కించి, నీళ్లు ఎక్కించి, కనిపెట్టుకుని ఉంటే ఎక్కువమంది బయటపడతారు. ఆ తర్వాత పశువుల డాక్టర్లు వచ్చి ఎడ్లకు, బర్రెలకు మందు పట్టించారు. గోమార్లను చేత్తో చిదమొద్దని మరాఠీలోనూ తెలుగులోనూ చాటింపు వేశారు. మాకు గ్లౌజులు పెట్టెలకు పెట్టెలు వచ్చాయి. బల్ల మీద నడిచే మిషను మాత్రం మారలేదు. ఆ తర్వాత జ్వరంతో వచ్చినవాళ్లు ఆసుపత్రికి తొందరగా చేరారు, తమ కాళ్ల మీద నడిచి తిరిగిపోయారు. ఆ అమ్మాయి మొగుడు కూడా అట్లా లేచినవాడే.

ఆ అమ్మాయి బతకలేదు. ఫోను వచ్చేనాటికే పోయింది.

బండ్లు కట్టే ముందు ఆమె మొగుడు మా ల్యాబుకు వచ్చాడు. మనిషి సగమై ఉన్నాడు. ఊళ్లో అత్తగారు అడుగుతారు, ఏ రోగంతో పోయిందో పేరు చెప్పమన్నాడు. తమ్మి బల్ల అవతలి నుంచి లేచి వచ్చి, అతని ఎదురుగా నిలబడి, ఆ నోరు తిరగని పేరును మెల్లగా మూడు నాలుగు సార్లు చెప్పాడు. అతను పలికి చూసుకున్నాడు. మొదట మీరు చెప్పిన పేరు ఇది కాదు కదా అని అతను అడగలేదు. అడిగితే బాగుండేదని తమ్మి తర్వాత అన్నాడు.

వాడు ఇప్పటికీ అదే ల్యాబులో ఉన్నాడు. ఏమీ తేలకపోతే ఏమీ తేలలేదనే రాస్తాడు. రాసి, ఆ మనిషి వెంట డాక్టరు గది దాకా నడిచిపోయి, ఈ మనిషికి జ్వరముంది, పండుకోవాలని రాసియ్యుండ్రి సార్ అని అడిగి, ఆ కాగితం చేతికి వచ్చేదాకా కదలడు. అంతసేపు ల్యాబు ముందు వరస ఆగిపోతుంది, జనం తిడతారు. మీలో ఎవరైనా ల్యాబులో చేరి అట్లాగే చేస్తే మిమ్మల్నీ తిడతారు, తిట్టనీయండి.

ఆ రోజు ఆ మొగుడు వెళ్లిపోయాక వాడు చాలాసేపు పని చేయలేదు. నేను కూడా చేయమనలేదు. చివరికి అడిగాడు.

"అక్కా, మొదటి దినమే ఆమె రక్తం డబ్బాల పెడితే బతుకుతుండెనా?"

ఈ ప్రశ్నకు పలక లేదు, చుక్క లేదు, హైదరాబాద్‌లో కూడా మిషను లేదు. తెలియదు అనేదే సరైన జవాబు. ఆ మాట నాకంటే ఎక్కువసార్లు అన్నవాళ్లు ఆ ఆసుపత్రిలో లేరు. కానీ వాడి మొహం చూశాక అనలేకపోయాను.

"బతకకపోతుండె తమ్మీ," అన్నాను. "ఎప్పుడు పెట్టినా బతకకపోతుండె."

వాడు నావైపు తేరిపార చూశాడు. నా మాట నమ్మలేదు. పరీక్ష చేయకుండా చెప్పినదాన్ని నమ్మనందుకు వాడి మీద నాకు గౌరవం కలిగింది. ఏడుపు కూడా వచ్చింది.